పెళ్లికి రాసిన సెరినేడ్

నేను ఒక సెరినేడ్‌ని. పేరు కొత్తగా ఉంటే కంగారుపడకండి. పండగ పూట ఆరుబయట, పెద్ద వాద్యబృందం నిలబడి వాయించడానికి రాసే దొరల సంగీతాన్ని అలా అంటారు. కచేరీ సరుకును కాను, వేడుక సరుకును. దీపావళి మర్నాడు మతాబులకు ఎంత గిరాకీ ఉంటుందో, వేడుక దాటాక నాకూ అంతే. ఈ సంగతి పుట్టినప్పుడే తెలుసు కాబట్టి ఆ విషయంలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

మొదట నా చేతిలో ఉన్న పెట్టుబడి తక్కువేమీ కాదు. బృందం నడిచి రావడానికి ఒక కవాతు, కూర్చున్నవాళ్ల కాళ్లు ఆడించడానికి ఒక నాట్యం, వీడ్కోలుకు ఒక పరుగు. వీటి నడుమ ఒక నెమ్మది భాగం. అందులో క్లారినెట్ ఒక్కటే మెట్టుమెట్టుగా పైకి ఎక్కి, ఇంక ఎక్కలేని చోట ఆగిపోతుంది. దాంతోపాటు బృందమంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం తర్వాత వయొలిన్లు అట్టడుగునుంచి అందుకుంటాయి. నా సొత్తంతా ఆ ఆగే చోటే. మిగతాదంతా దాన్ని మోసుకొచ్చే బండి.

నన్ను కట్టినవాడు దేవసహాయం మేస్త్రి. మద్రాసు పటాలం బ్యాండులో నేర్చుకుని, నీలంపేట సంస్థానంలో బ్యాండు మేస్త్రిగా కుదిరాడు. కోట వెనక వరసగా ఉన్న ఎస్టేటు ఇళ్లలోనే బ్యాండువాళ్లందరి కాపురాలు. పెద్దరాజావారి ముచ్చట కొద్దీ పెట్టిన బ్యాండు అది. ఆయన పోయి కొడుకు రాజావారయ్యాక దివాను కామేశం పంతులుకు అది కంట్లో నలుసైంది.

"సన్నాయి మేళానికి కాస్త మాన్యం ఇచ్చాం, వాళ్ల తిప్పలు వాళ్లు పడుతున్నారు. మీకేమో జీతాలు, బట్టలు, బూట్లు కూడానా? ఏనుగునైనా ఊరేగింపుకి వాడుకుంటాం. మిమ్మల్నేం చేసుకోమంటావోయ్?" అన్నాడొకరోజు.

"అమ్మాయిగారి పెళ్లికి కొత్తది కడతాను బాబూ. రాజావారు విన్నాక తమరే సెలవియ్యండి."

"ఇస్తాను. ఆయనకి నచ్చకపోతే అమ్మాయిగారి అప్పగింతల నాడే మీ అప్పగింతలూ."

అలా నేను పుట్టకముందే నా మీద ఆ ఇళ్ల కప్పులన్నీ మోపారు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. క్లారినెట్ మీద అలవాటుపడ్డ వేళ్లు నాగలి పట్టడం మరిచిపోయి చాలాకాలమైంది.

బృందం నన్ను సాధన చేస్తున్న రోజుల్లో సన్నాయి మేళం పెద్ద పైడితల్లి వచ్చి చెట్టుకింద కూర్చుని విన్నాడు. నెమ్మది భాగం దగ్గర లేచి నిలబడ్డాడు.

"మేస్త్రీ, మజ్జిలో ఆగిపోనావేటి? మరిసిపోనావా?"

"లేదు. అక్కడ ఆగాలి. అదే అందం."

"పెళ్లి పందిట్లో ఖాళీ ఉంచకూడదయ్యా! మాలో ఒకడు గుక్క తిప్పుకుంటే ఇంకొకడు ఊదుతాడు. సిల్లు పడవలోకి నీళ్లు దూరినట్టు ఆ ఖాళీలోంచి ఏటి దూరుతాదో నీకు తెల్దు."

మేస్త్రి నవ్వేశాడు. ఈ గడ్డ మీద పుట్టి, ఇన్ని పెళ్లిళ్లలో వాయించినవాడు, మేళం ఎందుకు ఆగదో తెలియనివాడు కాదు. కానీ కట్టినవాడికి తన సరుకు మీద మోజు పుడితే బజారు కనిపించదు. బేరగాళ్లు నాశనమయ్యేది అక్కడే.

తాంబూలాలు మార్చుకునే సాయంత్రం తోటలో నన్ను వాయించారు. కవాతుకు మగపెళ్లివారు తలలూపారు. నాట్యానికి పిల్లలు గెంతారు. నెమ్మది భాగం మొదలయ్యేసరికి రాజావారు తాంబూలం పళ్లెం అందుకుని వియ్యంకుడి వైపు చాచారు. బ్యాండు వాయిస్తుండగా సన్నాయివాళ్లు ఊదకూడదని దివానుగారి ఆజ్ఞ. క్లారినెట్ పోలయ్య ఎక్కుతున్నాడు, ఎక్కుతున్నాడు. చివరి మెట్టు మీద ఆగాడు. తోటంతా ఆగింది. పళ్లెం ఇంకా గాలిలోనే ఉంది.

పెళ్లికొడుకు తాతగారు అప్పుడే నశ్యం పీల్చారు. తుమ్మారు. అలాంటి ఇలాంటి తుమ్ము కాదు, కోట గోడకు తగిలి వెనక్కి వచ్చింది.

"అపశకునం!" అని ఎవరో ఆడమనిషి. "గట్టిమేళం! గట్టిమేళం!" అని పురోహితుడు రెండు చూపుడువేళ్లూ ఎత్తి ఊపేశాడు. డోళ్లు, సన్నాయిలు ఒక్కసారి మీద పడ్డాయి. వయొలిన్లు అందుకున్నాయి గాని, వాయిస్తున్నవాళ్లకే వినపడలేదు.

తుమ్మింది వియ్యాలవారు. వియ్యాలవారిని తప్పుపట్టే మగాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. కాబట్టి తప్పు నాదైంది.

మర్నాడు పోలయ్య భార్య సామాను మూటకడుతోంది. మేస్త్రి వెళ్లి దివాను గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పగింతలకి ఒక్కసారి వాయించనివ్వండి బాబూ. కాళ్లు పట్టుకుంటాను."

"ఆ నోరు మూసుకునే చోటు ఉంటుందా?"

"ఉండదు బాబూ."

తిరిగొచ్చి కొత్త కాగితం, కలం తీశాడు. నేను తప్పించుకుందామంటే కాళ్లు లేవు, అరుద్దామంటే సొంత గొంతు లేదు. నేను ఆగే చోట డ్రమ్ముల దరువు నింపాడు. చాలదని బూరలు కూడా కలిపాడు. పోలయ్య ఆ కాగితం చూసి కింద పెట్టేశాడు.

"ఇది తీసేత్తే ఇందులో ఇంకేటి మిగిలింది మేస్త్రిగారూ?"

"మనం మిగుల్తాం. ఊదు."

అప్పగింతల నాడు ఊదాడు. పెళ్లికూతురు ఏడుస్తోంది, బోయీలు పల్లకీ కర్ర కోసం తగువులాడుతున్నారు, రాజావారు ఎవరితోనో ఏనుగు జబ్బు గురించి మాట్లాడుతున్నారు. దరువు వచ్చినచోట మాత్రం ఆయన అటు తిరిగి, వేలితో తాళం తప్పుగా వేస్తూ, "ఇది బాగుందోయ్" అన్నారు. దివాను మూతి ముడుచుకున్నాడు. బ్యాండు నిలిచింది.

ఆ తర్వాత ప్రతి పెళ్లికీ ఆ దరువే అడిగేవారు. మేస్త్రి వాయించేవాడు. నెమ్మది భాగం వచ్చినప్పుడల్లా బృందం వైపు వీపు తిప్పి, మందుగుండు చూస్తున్నట్టు ఆకాశంలోకి చూస్తూ చేతులు ఊపేవాడు. అసలు కాగితం ఎక్కడని పోలయ్య ఒకసారి అడిగితే, "పొయ్యిలో పెట్టాను, ఉంటే వాయించాలనిపిస్తుంది" అన్నాడు.

జమీందారీలు పోయాయి. కోట ఇప్పుడు కాలేజీ. నేను గ్రంథాలయంలో అద్దాల బీరువాలో ఉన్నాను. 'రాజావారి పెళ్లి బ్యాండు పాట' అని చీటీ అంటించారు. నన్ను చదవగలిగినవాళ్లు ఈ ఊళ్లో లేరు. ఉన్నా, వాళ్లు చదివేది దరువునే.

లెక్క కట్టుకున్నాను. వేడుకలో నన్ను రాసినట్టుగా చివరిదాకా విన్న చెవి ఒక్కటీ లేదు. ఆ ఆగే చోటు పోయింది, ఇంక తిరిగి రాదు. వచ్చినదేమిటంటే, పోలయ్య భార్య కట్టిన మూట విప్పింది. ఆ వరస ఇళ్లలో సాయంత్రం పొయ్యిలు రాజుకున్నాయి. పిల్లలు ఆ కప్పుల కిందే పెరిగారు. బాగా వచ్చానా అంటే చెప్పలేను. అమ్ముడుపోయాను. నన్ను అమ్మిన డబ్బు ఉండగా ఆ ఇళ్లలో ఎవరూ పస్తు పడుకోలేదు.