ఊరు దాటిన మట్టి

మొదటిసారి తెల్లమట్టి గోతిలోకి సోనియే దిగింది. నేను గట్టు మీద కూర్చుని, కొత్త బట్టలు పాడవుతాయే గుంటా అని గొణుగుతూనే ఉన్నాను. సోని మా పెద్దాడు ధర్మ కూతురు. అనంతగిరి కొండల్లోని మా ఊరి నుంచి విశాఖపట్నం వెళ్లి, రసాయనాల చదువు చదివి, అక్కడే పరిశోధనకు సీటు తెచ్చుకుంది. మేం గోడలకు బుట్టలకొద్దీ పూసే మట్టిని అది సీసాలోకి ఎత్తి, మూత మీద తేదీ రాసుకుంటుంటే నాకు నవ్వాగలేదు.

"ఏటే, పట్నంలో మట్టికి కూడా కరువొచ్చిందా?"

"ఇలాటి మట్టి అక్కడ లేదవ్వా. దీన్ని యాసిడ్‌లో నానబెట్టి, కడిగి ఆరబెడితే, ఆ పులుపు మట్టికి పట్టీసి ఉండిపోద్ది. గట్టి యాసిడ్ అన్నమాట."

"పులుపు గట్టిగా ఉండడమేటే? నాకు సెప్పినా, ఆ మేకకి సెప్పినా ఒకటే."

అయినా చెప్పింది. మా ఊళ్లో కాఫీ పళ్లు ఒలిచాక తొక్కంతా గెడ్డ ఒడ్డున పోస్తారు. వానకు అది కుళ్లి నీళ్లలోకి దిగుతుంది. ఆ రోజుల్లో గెడ్డంతా కంపు, చేపలు వెల్లకిలా తేలుతాయి. ఆరేళ్లప్పుడు ఆ నీళ్లు తాగి సోని పది రోజులు మంచం దిగలేదు. తేనె నాకించి, గంజి పట్టి నేనే నిలబెట్టుకున్నాను. ఆ తొక్కను ఈ మట్టితో కలిపి ఉడికిస్తే, అందులోని తీపి విరిగి, బాదంపప్పు వాసనేసే నూనెలాంటిది వస్తుందట. మందులకీ జిగురులకీ కంపెనీలవాళ్లు కొంటారట. నీళ్లలాంటి యాసిడ్ పోస్తే అది గిన్నెనే తింటుంది, తర్వాత వేరు చేయడం కూడా కష్టం. మట్టయితే వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు.

"మరి మట్టి అయిపోదా?"

"నువ్వు ఎంతమందికి పురుడు పోసినావవ్వా?"

"నూటికి పైనే."

"నువ్వేటైనా అయిపోనావా? ఇదీ అంతే. బిడ్డని బయటికి తెచ్చి, సేతులు కడుక్కుని ఇంకో ఇంటికి ఎల్లిపోద్ది."

"నా నడుం సూసి మాటాడే," అన్నాను. కానీ దాని చదువేమిటో ఆ రోజే నాకు తెలిసింది.

ఆ మట్టి పనిచేసింది. వాళ్ల మాస్టారు జగన్నాథరావు గారు, నూనె ఎంత దిగిందో ఆ అంకెలు రెండుసార్లు చూసుకున్నారని ఫోన్‌లో చెబుతూ ఏడ్చేసింది. అయితే ఒకసారి వస్తే చాలదట. పెద్దల కమిటీ కూర్చునే లోపల అదే అంకె మళ్లీ రావాలట. సీసాలో మట్టి అయిపోయింది. వానలకు ఘాట్ రోడ్డు మీద బండలు పడి బస్సులు ఆగిపోయాయి.

"అవ్వా, అదే గొయ్యి, అదే మట్టి. రెండు కిలోలు బేగి పంపు. ఇది తేలకపోతే నా సీటు ఉండదు."

ఈ మోకాళ్లతో నేనే దిగాను. ఎవరినీ ముట్టనివ్వలేదు. తడి మట్టిని పొయ్యి పక్కన మూడు రోజులు ఆరబెట్టి, నలిపి, జల్లెడ పట్టాను.

మా పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్తుంటే, అక్కడ మొదటి పొయ్యి వేసుకోవడానికి పుట్టింటి మట్టి మూట కట్టి ఇస్తారు. అందులో తల్లి పొయ్యిలోని బూడిద కలుపుతారు. ఒట్టి మట్టి ఊరు దాటితే దానికి తిరిగి వచ్చే దారి తెలియదని మా అమ్మ అనేది. జి.మాడుగుల అవతల నుంచి నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నా మూటలోనూ గుప్పెడు కలిపింది. సోనికి తల్లి లేదు. కలిపితే నేనే కలపాలి. పెళ్లి కాకపోయినా దూరం వెళ్లిన పిల్లే కదా అనుకున్నాను. మెత్తటి తెల్ల బూడిద, ఒక గుప్పెడు చాలదనిపించి మూడు గుప్పెళ్లు, మట్టిలో ఎక్కడా తేడా తెలియకుండా కలిపాను. దారి తెరవగానే పట్నం వెళ్లే మా ఊరి ఫల్గుణ జీపులో పంపించాను.

నెల తిరక్కుండా సోని పెట్టెతో దిగింది. నాలుగుసార్లు చేసినా బాదం వాసన రాలేదట. మొదటి అంకెలు నిజంగా వచ్చినవేనా, నువ్వు రాసుకున్నవా అని కమిటీలో ఒకాయన అడిగాడట. అది మానేస్తున్నానని సంతకం పెట్టి వచ్చేసింది.

"మొదటిసారి నేనే ఏదో తప్పు సూసుంటాను," అంది. అంతకు మించి ఆ మాట ఎత్తలేదు. కాఫీ పళ్లు ఒలిచే షెడ్డులో పనికి కుదిరింది.

వేసవిలో ఒక పొద్దున్న నేను గడప ముందు ఇత్తడి బిందె తోముతున్నాను. చింతపండు పులుసు మీద బూడిద చల్లగానే ఎప్పటిలాగే బుసబుసా నురగొచ్చింది. జడ వేసుకుంటున్న సోని చేతులు ఆగిపోయాయి.

"రెండోసారి మట్టి ఇలాగే పొంగిందవ్వా, యాసిడ్ పొయ్యగానే. మొదటిసారి పొంగలేదు. మూటలో తడుందేమో అనుకున్నాను."

నా చేయి బిందె మీదే ఉండిపోయింది. బూడిద పడితే పులుపు చచ్చిపోతుందని పెళ్లినాటి నుంచీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు. ఇప్పుడు ఊరుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల తన కళ్లనే నమ్మకుండా బతుకుతోంది.

"నేను బూడిద కలిపినానే," అన్నాను.

సోని చాలాసేపు నురగ వైపే చూసింది.

"ఎన్ని గుప్పెళ్లవ్వా?"

"మూడు."

పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. "సరిపోద్ది," అంది. "యాసిడ్ మొత్తం దానికే సరిపోద్ది." లేచి మాస్టారికి ఫోన్ చేసింది. నాకూ వినబడేలా పెట్టింది. ఆయన అంతా విన్నారు.

"నేను నమ్ముతానమ్మా. కానీ నీ సీటు పోయిన నెలలోనే వేరే అమ్మాయికి ఇచ్చేశారు. మానేస్తానని సంతకం పెట్టింది నువ్వే. ఇప్పుడు కమిటీకి ఏమని రాయను, మీ అవ్వ బూడిద కలిపిందని రాయనా?"

ఆయన ఎగతాళిగా అనలేదు. గొంతు కూడా తగ్గించి అన్నారు.

ఫోన్ పెట్టేశాక, తిట్టవే అన్నాను. రెండు చేతులూ పట్టుకుని అడిగాను. తిట్టలేదు.

"ఎందుకు కలిపినావవ్వా?"

"నువ్వు తిరిగి రావాలని."

"వచ్చీసినాను కదా," అంది.

నా చేతిలోంచి బిందె తీసుకుని, మిగిలిన సగమూ తనే తోమి, కడిగి, ఎండలో బోర్లించింది. తర్వాత జడ పూర్తి చేసుకుని షెడ్డుకు బయల్దేరింది.

ఆ ఏడు కూడా వానకు తొక్క గెడ్డలోకి దిగింది. కంపు ఇంట్లోకి వస్తుంటే సోని లేచి, నా వైపు చూడకుండా, తలుపు దగ్గరగా వేసింది.