నాలుగింటి సంతకం

నోయెమి బరగాన్ ఐదు వేల డాలర్ల చెక్కు బల్ల మీద పెట్టింది. నాలుగు సీజన్లు పీచ్ పళ్ల షెడ్డులో నిలబడి కూడబెట్టిన డబ్బు అది. కాలేజీలో అడ్మిషన్లు చూసే డార్లా దాన్ని ఒక్కసారి చూసి సొరుగులో వేసేసింది.

"సీటు పట్టి ఉంచాను బంగారం. లోనుకి నీ జీతం స్లిప్పులు రెండు కావాలి, అంతే. నాలుగింటి లోపల తెచ్చి చివరి పేజీ మీద సంతకం పెట్టెయ్. నాలుగింటికి చెక్కుల సంచీ బ్యాంకుకి వెళ్లిపోతుంది. సోమవారం నుంచి క్లాసులు."

"ఇవాళ కుదరకపోతే?"

"మార్చి దాకా ఆగాలి. అప్పటికి ఫీజు పెరుగుతుంది మరి."

మెడికల్ అసిస్టెంట్ సర్టిఫికెట్. తొమ్మిది నెలల చదువు, పద్దెనిమిది వేల నాలుగు వందల ఫీజు. చెక్కు పోగా మిగతాదంతా లోను. మంగళవారమే డార్లా ముప్పై పేజీల కట్ట ముందు పెట్టింది. పసుపు స్టిక్కరు అంటించిన ప్రతి చోటా నోయెమి తన పేరు పొడి అక్షరాలు రెండూ వేసింది. ఇక మిగిలింది చివరి సంతకమే.

లేవబోతూ గోడ మీది పోస్టరు వైపు చూపించింది. నీలం రంగు క్లినిక్ దుస్తుల్లో ఒక యువతి నవ్వుతోంది. కింద పేరు, ఆరసెలి. ఆ పక్కనే క్లోవిస్ రోడ్డులో ఉన్న పిల్లల క్లినిక్ పేరు.

"ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చా?"

"అయ్యో, అది వాళ్ల సొంత వివరం కదా. ఇవ్వకూడదు," అంది డార్లా, ప్రశ్న పూర్తి కాకముందే.

నోయెమి తొమ్మిదేళ్లుగా బెల్టు మీద కదిలిపోయే పళ్లని చూసే మనిషి. మెత్తబడిన పండును రెండు సెకన్లలో పట్టుకుని పక్కకి తీసెయ్యాలి, లేకపోతే పెట్టె మొత్తం కుళ్లిపోతుంది. డార్లా జవాబు ఆ వేగంతో రావడం ఆమెకి నచ్చలేదు.

కాగితాల ఫోల్డరు చంకన పెట్టుకుని బయటికొచ్చింది. పదీ ఇరవై. స్లిప్పులు ఇంట్లో ఉన్నాయి. ఇల్లు ఎడమకి. ఆమె ట్రక్కుని కుడికి తిప్పింది.

క్లినిక్ హాల్లో పిల్లలు దగ్గుతున్నారు. కిటికీ వెనకున్న అమ్మాయి ఆరసెలి పేరు ఎప్పుడూ వినలేదంది. నోయెమి కదలకుండా నిలబడేసరికి లోపలి నుంచి పెద్దావిడ వచ్చింది. పేరు మైసీ వాంగ్, అక్కడి మెడికల్ అసిస్టెంట్లందరికీ పెద్ద. చేతికి గ్లవ్ ఒకటే ఉంది, రెండోది తీసేసింది.

"ఆరసెలా? నాలుగేళ్ల కిందట వచ్చింది. ఎక్కడ చూశావు?"

"కాలేజీ పోస్టరు మీద. ఇక్కడ పనిచేస్తోందని రాశారు."

మైసీ పెద్దగా నవ్వింది. "ఇంకా ఉందా ఆ పోస్టరు! ఆ పిల్ల ఇక్కడ పనిచేసింది నిజమే, ఐదు వారాలు. జీతం లేకుండా. కోర్సు చివర్లో పంపిస్తారుగా, ట్రైనింగ్ అని. ఆఖరి రోజు కెమెరా పట్టుకొచ్చి ఫొటో తీసుకుపోయారు."

"ఉద్యోగం ఇవ్వలేదా మీరు?"

"ఇలా రా," అంటూ మైసీ ఆమెని నీళ్ల మిషను దగ్గరికి లాక్కెళ్లింది. "నేను చెప్పానని ఎక్కడా అనకు. వాళ్లు ఆరు వారాలకొకర్ని ఊరికే పంపిస్తున్నారు. ఊరికే వచ్చే చేతులుంటే మా మేనేజరు జీతమిచ్చి ఎవర్ని పెట్టుకుంటాడు? ఒక్క ఖాళీ వచ్చినా కౌంటీ ప్రభుత్వం పెద్దవాళ్ల కోసం నడిపే అడల్ట్ స్కూల్ నుంచే తీసుకుంటాం. వాళ్లు మనుషుల చేతుల మీద సూది గుచ్చి నేర్చుకుని వస్తారు. మీ కాలేజీ పిల్లలు రబ్బరు చెయ్యి మీద నేర్చుకుంటారు. రబ్బరు చెయ్యి ఏడవదు కదమ్మా!"

"జీతం ఎంత?"

"గంటకి ఇరవై ఒకటి. ఏ స్కూలు నుంచి వచ్చినా అంతే. పద్దెనిమిది వేలు కట్టినవాళ్లకీ అంతే, మూడు వేలు కట్టినవాళ్లకీ అంతే."

"మూడు వేలా?"

"అడల్ట్ స్కూల్లో అంతేగా. సాయంత్రం క్లాసులు. వాళ్లకి పోస్టర్లు వేసే డబ్బు లేదు, అందుకే ఎవరికీ తెలీదు." మైసీ గ్లవ్ చెత్తబుట్టలో పడేసింది. "ఆరసెలి బ్లాక్‌స్టోన్ రోడ్డు మీద మందుల షాపులో ఉండాలి. కౌంటర్ దగ్గర."

ఆరసెలి షిఫ్టు రెండింటికే మొదలు. రెండున్నరకి నోయెమి ఆ షాపులో దగ్గు మందు సీసా ఒకటి పట్టుకుని లైన్లో నిలబడింది. కౌంటర్ వెనక పోస్టరు మీది మొహమే. కాస్త బరువెక్కింది, నవ్వు లేదు.

"కాలేజీ గురించి అడగడానికొచ్చాను," అంది నోయెమి మెల్లగా.

ఆరసెలి సీసాని స్కాన్ చేసింది. "నువ్వు మూడోదానివి ఈ ఏడాది. సంతకం పెట్టావా?"

"చివరిది మిగిలింది. చెక్కు ఇచ్చేశాను."

"పిచ్చిదానా!" వెనకున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఆరసెలి గొంతు తగ్గించింది. "నాకు ఇక్కడ గంటకి పదిహేడున్నర. దీనికి సర్టిఫికెట్టే అక్కర్లేదు. లోనుకి నెలనెలా నూట తొంభై పోతోంది. ఇంకా ఆరేళ్లు కట్టాలి."

"మరి ఎందుకు చేరావు? ముందే ఎవర్నీ అడగలేదా?"

"నన్ను అడుగుతున్నావా? సరే, నువ్వు చెప్పు. కట్టలో ఒక పేజీ ఉంటుంది, అన్నీ గళ్లే. అక్షరాలు వేశావా దాని మీద?"

"స్టిక్కరున్న చోటల్లా వేశాను."

"చదివావా?"

నోయెమి పర్సు జిప్పు తీసింది.

"చేరకముందే అది చూపించాలని రాష్ట్రం నిబంధన. వాళ్లు చూపిస్తారు. మనం చూడం. నేనూ చూడలేదు. వెళ్లి చూడు. నాలుగు డాలర్ల డెబ్బై సెంట్లు, సీసాకి."

ఫోల్డరు పొద్దుటి నుంచి ట్రక్కు పక్క సీట్లోనే ఉంది. పార్కింగులో ఎండకి సీటు కాలుతోంది. పదకొండో పేజీలో దొరికింది. కింద మూలన తన రెండు అక్షరాలు, వంకర లేకుండా చక్కగా.

నిరుడు చేరినవాళ్లు ఎనభై ఎనిమిది మంది. పూర్తి చేసినవాళ్లు అరవై ఒకటి. ఆ పనిలో ఉద్యోగం దొరికినవాళ్లు ఇరవై మూడు. అందులో తొమ్మిది మందికి వారానికి ముప్పై గంటల లోపు పనే.

పెన్ను తీసి దగ్గు మందు రసీదు వెనక లెక్క వేసింది. షెడ్డులో గంటకి పదిహేడున్నర. క్లినిక్‌లో ఇరవై ఒకటి. తేడా మూడున్నర. ఏడాది పొడవునా పని ఉంటే ఏడు వేలు ఎక్కువ. కాలేజీకి చెక్కూ, పదేళ్ల లోను వాయిదాలూ కలిపి పడేది ఇరవై ఎనిమిది వేలు. అంటే నాలుగేళ్ల తేడా అంతా కాలేజీకే పోతుంది. అది కూడా ఉద్యోగం దొరికితే. ఎనభై ఎనిమిది మందిలో అరవై ఐదు మందికి దొరకలేదు. అడల్ట్ స్కూలుకైతే ఆరు నెలల్లోపే తీరిపోతుంది.

మూడూ పది. కాలేజీకి ఇరవై నిమిషాల దారి. హైవే మీద టమాటాల లారీ ఒకటి బోల్తా పడింది. ట్రాఫిక్ నిలిచిపోయింది. నోయెమి స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ రేడియో ఆపేసింది. మూడూ నలభై ఏడు అయ్యింది. పక్కదారిలోకి తిప్పి, రెండు స్టాప్ బోర్డుల దగ్గర సగమే ఆగి, మూడూ యాభై ఆరుకి కాలేజీ గుమ్మం తోసింది.

డార్లా బల్ల మీద నీలం సంచీ సగం జిప్పు వేసి ఉంది.

"వచ్చావా! స్లిప్పులు తెచ్చావా బంగారం?"

"తేలేదు. నా చెక్కు ఇచ్చెయ్యండి."

డార్లా మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. "ఎవరో భయపెట్టారు నిన్ను. మామూలే, పెద్ద అడుగు కదా. కూర్చో, నీళ్లు తాగు."

నోయెమి కూర్చోలేదు. పదకొండో పేజీ తీసి బల్ల మీద పెట్టి ఇరవై మూడు మీద వేలు ఉంచింది.

"ఇది చూడకుండా అక్షరాలు వేశాను."

"మరి మేం దాచలేదుగా? నీ అక్షరాలే కదా ఇవి?"

"నావే. తప్పు నాదే. అందుకే చివరి సంతకం పెట్టడం లేదు."

సంచీ తీసుకెళ్లే కుర్రాడు గుమ్మంలోకి వచ్చాడు. డార్లా చెయ్యి ఎత్తి అతన్ని ఆపింది. గొంతు మారింది.

"చూడు. ఇవాళ్టికి మాత్రమే పదిహేను వేలకి ఇప్పిస్తాను. మా డైరెక్టరుతో నేను మాట్లాడతా. ఇంకెవరికీ చెప్పకు."

పొద్దున పద్దెనిమిది వేల నాలుగు వందలు, సాయంత్రానికి పదిహేను. నోయెమికి అప్పటిదాకా ఏ మూలనో ఉన్న కాస్త సందేహం కూడా అక్కడే పోయింది.

"మార్చిలో పెరుగుతుందన్నారు, సాయంత్రానికే తగ్గింది. చెక్కు."

"ఒకసారి తీసుకున్నది వెనక్కిచ్చేటట్టు లేదు, అకౌంట్స్ వాళ్లని అడగాలి..."

"సంతకం లేదు, క్లాసు మొదలవలేదు. అడగండి. నేనిక్కడే ఉంటాను. ఈలోగా బ్యాంకుకి ఫోన్ చేసి చెక్కు ఆపించేస్తాను." ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. ఆటోమేటిక్ గొంతు భాష ఎంచుకోమంది. స్పానిష్‌కి రెండు నొక్కింది.

మూడో మెనూ వచ్చేసరికి చెక్కు బల్ల మీదికొచ్చింది. దానితో పాటు "దరఖాస్తు రద్దు" అని రాసి, తేదీ వేసిన కాగితం ఒకటి అడిగి మరీ తీసుకుంది.

"మార్చిలో మళ్లీ నా దగ్గరికే వస్తావు," అంది డార్లా.

"రాను లెండి."

అడల్ట్ స్కూల్ ఆఫీసు ఐదింటిదాకా ఉంటుంది. నోయెమి వెళ్లేసరికి కిటికీ దగ్గర ఒక పెద్దావిడ నారింజ తొనలు ఒలుచుకు తింటోంది. ఫీజు మూడు వేల నూట యాభై, మూడు వాయిదాలు. క్లాసులు జనవరిలో, సోమవారం నుంచి గురువారం దాకా, సాయంత్రం ఆరింటికి.

"సీట్లు నిండిపోయాయమ్మా," అంది ఆవిడ. "వెయిటింగ్ లిస్టులో నాలుగో పేరు నీది."

నోయెమి కిటికీ మీదికి వంగింది. "నాలుగంటే వస్తుందా?"

"మొదటి రోజు ఐదున్నరకే వచ్చి గుమ్మంలో నిలబడు. ప్రతి బ్యాచ్‌లో ఐదారుగురు రారు. క్షయ పరీక్ష కాగితం, టీకాల కాగితం చేతిలో ఉండాలి. అవి లేకే సగం మంది వెనక్కి పోతారు. ఒక తొన తింటావా?"

తొన తింది. పేరు రాసింది, ఈసారి పైనుంచి కిందిదాకా చదివి.

బయటికొచ్చి షెడ్డు మేస్త్రీ బెటోకి ఫోన్ చేసింది. పీచ్ పని నిన్నటితో ముగిసింది. నవంబరులో కమలాల బెల్టు మొదలవుతుంది.

"ఎవరు, నోయెమీనా?" అన్నాడు బెటో. "డాక్టరమ్మవి అయిపోయావంటగా! నాకు మోకాలు నొప్పి, ఏం మింగమంటావు?"

"నోరు మూసుకుని నా పేరు రాసుకో. పగటి షిఫ్టు, నాలుగున్నరకి వదిలెయ్యాలి."

"నాలుగున్నరా? అందరూ ఆరింటిదాకా ఉంటారు తల్లీ."

"జనవరి నుంచి నేనుండను. కావాలంటే మొదటి లైన్లో నిలబడతాను, వేగంగా పోయే దాని దగ్గర."

అక్కడ ఎవరూ కోరి నిలబడరు. బెటో బేరానికి దిగాడు.

"నాలుగూ నలభై."

"నాలుగున్నర," అంది నోయెమి, ట్రక్కు స్టార్ట్ చేస్తూ.