తెల్లబోయిన ప్లగ్గు

పొద్దున టెస్ట్ రన్ అయ్యాక స్పార్క్ ప్లగ్గు విప్పి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది మీనా: దాని మొన విభూతి పూసినట్టు తెల్లగా ఉంది.

గబగబా రెండోది విప్పింది. అదీ అంతే.

నిన్న పొద్దున ఈ రెండు ప్లగ్గులూ పాలు సమంగా పడిన కాఫీ రంగులో ఉన్నాయి. మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్ బండి ఇంజన్‌కి ఆ రంగే ఆరోగ్యం. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక లోపల మాడిపోతోందని అర్థం. ఈ స్థితిలో బండిని పూర్తి వేగంతో తోలితే మూడో రౌండుకల్లా పిస్టన్ నడినెత్తిన చిల్లు పడుతుంది.

పందెం పదకొండింటికి. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది.

మిషిగన్ ఉత్తరపు కొసన, ఏడాదిలో సగం రోజులు మంచు కింద పడుకునే ఊరది. 2009 ఫిబ్రవరి. మెకానికల్‌లో ఎమ్మెస్ చేస్తున్న మీనా, యూనివర్సిటీ స్నోమొబైల్ క్లబ్బులో చేరి ఏడాదిన్నరయింది. ఈ ఏడాదిన్నరలో ఆమె చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినవాడు లేడు. టీషర్టులు అమ్మే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నెల కిందట కెప్టెన్ మూల పడున్న పాత బండిని చూపించి ఓ మాటన్నాడు. గడ్డకట్టిన చెరువు మీద జరిగే పందెంలో ఈ బండి పది రౌండ్లూ పూర్తి చేస్తే క్లబ్బు ఇంజన్లన్నీ మీనా చేతికి. మధ్యలో ఆగిందా, మళ్ళీ టీషర్టులు.

అందుకే బండిని తన అద్దె ఇంటి గరాజ్‌కి తెచ్చుకుని నెల రోజులు దానితోనే కాపురం చేసింది మీనా.

"ఎవరో దీన్ని ముట్టుకున్నారు" అంది పళ్ళ బిగువున.

గరాజ్‌లో ఇంకా ముగ్గురున్నారు. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

మొదటిది వర్ష, రూమ్మేట్. టెక్సాస్‌లోని కాపెల్‌లో పుట్టి పెరిగిన పిల్ల. మంచును చిన్నప్పుడు ఫ్రీజర్‌లో తప్ప చూడలేదు గానీ, బండి ఎక్కిందంటే బ్రేకు ఎక్కడుందో మర్చిపోతుంది. ఇవాళ తోలేది ఆమే. రెండోవాడు పక్కింటి అక్షయ్, వరంగల్ కుర్రాడు. బండి తనే తోలాలని ఆశపడ్డాడు. తొంభై ఎనిమిది కిలోలున్నావు, బండి ఈడ్చలేదు అని మీనా మొహం మీదే చెప్పింది. మూడో మనిషి వర్ష తాతగారు పాపయ్య. కాపెల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చి, మనవరాల్ని చూడడానికి వారం కిందట ఇక్కడికి వచ్చారు. మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు, చేతులకి గ్లౌజులతో బోర్లించిన బకెట్ మీద కూర్చుని వక్కపొడి నములుతున్నారు.

మీనా విచారణ మొదలుపెట్టింది. "అక్షయ్, పెట్రోల్ పోయించింది నువ్వే. ఏది పోయించావ్?"

"నువ్వు చెప్పిందే. ప్రీమియం, ఇథనాల్ లేంది. రిసీట్ సూపియ్యాల్నా?"

"రిసీట్ కాదు, పెట్రోలే చూపిస్తుంది."

ఖాళీ ఆవకాయ సీసాలో వేలెడు నీళ్ళు పోసి, గీత గీసి, పైన పెట్రోలు పోసి గిలకొట్టింది. ఇథనాల్ ఉంటే నీళ్ళు దాన్ని లాక్కుని గీత దాటి పెరుగుతాయి. అలాంటి పెట్రోలుకి ఇంజన్ మరికాస్త ఎక్కువ తాగాలి. నలుగురూ సీసా చుట్టూ మూగారు. నీళ్ళు గీత దగ్గరే బుద్ధిగా నిలబడ్డాయి.

"సూసినవా? ఉత్తగ బద్నాం చేస్తున్నవ్" అన్నాడు అక్షయ్ ఛాతీ విరిచి.

"వర్షా, ప్లగ్స్ నువ్వే కొన్నావు కదా?"

"నువ్వు నంబర్ టెక్స్ట్ చేసావ్, ఐ జస్ట్ షోడ్ హిమ్ ద ఫోన్. అదే ఇచ్చాడు."

ప్లగ్గు మీది నంబరు చదివింది మీనా. సరిగ్గానే ఉంది. వేడి ఎక్కువ పట్టే రకం కాదు. ఇక మిగిలింది ఒక్కటే.

పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ విప్పింది. అడుగున, పెట్రోలు ఎంత వెళ్ళాలో నిర్ణయించే ఇత్తడి జెట్టు ఉంటుంది. గుండీ కన్నా చిన్నది, మధ్యలో సూదిబెజ్జం. నంబరు పెరిగితే బెజ్జం పెద్దది. చలి ముదిరేకొద్దీ గాలి చిక్కబడుతుంది, చిక్కటి గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. బయట సున్నాకి కింద పద్దెనిమిది ఫారన్‌హీట్. అందుకే రెండు కార్బురేటర్లలోనూ మూడువందల ఇరవై నంబరు జెట్లు తన చేత్తో బిగించింది.

ఇప్పుడక్కడ రెండువందల నలభై ఉంది. రెండోదాంట్లోనూ అదే.

జెట్ల పెట్టె తెరిచింది. రెండువందల ఎనభైవి ఉన్నాయి. అవి ఎండ కాసే రోజుకి తప్ప పనికిరావు. మూడువందల ఇరవై గడి ఖాళీ. అవి అమ్మే షాపు తొంభై మైళ్ళ దూరం.

"అక్షయ్!"

"నేనెందుకు జేస్త? నాకు జెట్టంటే విమానమని తెల్సు, గంతే!"

వర్ష తాతగారి వైపు తిరిగింది. "తాతా, నువ్వు ఏం టచ్ చేయలేదు, రైట్?"

"రామ రామ! నీ నెత్తి మీద చెయ్యేసి ఒట్టేశాను కదమ్మా, అమెరికాలో ఏ మెషీన్నీ చేత్తో ముట్టుకోనని" అన్నారు పాపయ్య.

"ట్రూ. మా ఇంట్లో తాత డిష్‌వాషర్‌ని పార్ట్ పార్ట్‌గా ఓపెన్ చేసాక డాడ్ ప్రామిస్ తీసుకున్నారు. తాత ఒట్టు బ్రేక్ చేయడు."

మీనా కార్బురేటర్‌ని తిప్పి చూస్తోంది. దాని పొట్ట మీద ఎర్రగా, ఆవగింజంత మచ్చ. తుప్పేమో అనుకుని గీరి, వాసన చూసింది.

కుంకుమబొట్టు.

పని పూర్తయ్యాక బండికి బొట్టు పెట్టకుండా బయటికి పంపని మనుషులెవరో ఆమెకి తెలుసు. బండిని మొదటిసారి చూసిన రోజు పాపయ్య అడిగిన ఒకే ఒక్క ప్రశ్నా గుర్తొచ్చింది. "మైలేజ్ ఎంతిస్తుందమ్మా?" గాలన్‌కి పది మైళ్ళని చెబితే, లీటరుకి ఎంతో వేళ్ళ మీద లెక్కకట్టి, ఎవరో పోయినట్టు మొహం పెట్టారు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

కానీ ఎలా అడగడం? డెబ్భై రెండేళ్ళ మనిషి. పైగా ఒట్టు వేశారు. మొహం మీద అడిగితే ఆయన బాధపడతారు, వర్ష ఏడుస్తుంది, కాపెల్ నుంచి వర్ష వాళ్ళమ్మ సుమతి ఆంటీ ఫోన్ వస్తుంది, అందరూ అందరికీ సారీ చెప్పుకునేసరికి పందెం అయిపోతుంది. జెట్లు మాత్రం దొరకవు. పది దాటింది.

మీనా ఎర వేసింది.

"పోనీలే వర్షా" అంది బాగా వినపడేలా. "చేసినవాడి పాపాన వాడే పోతాడు. కానీ ఇదేం పనితనం? పొద్దున టెస్ట్ రన్‌లో లెక్కేశాను. గాలన్‌కి పదకొండు. ఒక్క మైలు పెరిగింది, ఇంత చేసీ! ఎవడో స్పానర్ పట్టుకోవడం రానివాడి పని."

మూలన వక్కపొడి నమలడం ఆగిపోయింది.

"మా కాలేజీలో ఫస్టియర్ కుర్రాళ్ళు నయం" అని కాస్త ఉప్పు రాసింది మీనా.

"పదకొండా?" అన్నారు పాపయ్య.

"పదకొండే తాతగారూ."

"చూసుకోమ్మా. లెక్క తప్పుంటావు."

"రెండుసార్లు చూశానండీ."

"పదకొండు రావడానికి వీల్లేదు! పధ్నాలుగుకి ఒక్క వీసం తగ్గితే నా..."

ఆవకాయ సీసా కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. అక్షయ్ నెమ్మదిగా తల తిప్పాడు. వర్ష నోరు తెరిచింది. పాపయ్య మంకీ క్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"సరే, నేనే. తణుకు బస్టాండు ఎదురుగా ముప్ఫై నాలుగేళ్ళు నా షాపు. బోర్డు మీద నా పేరు చిన్నది, 'మైలేజ్ గ్యారంటీ' అన్నది పెద్దది. నా చేతిలో పడ్డ స్కూటరు లీటరుకి యాభై ఇవ్వకుండా బయటికెళ్ళలేదు. అలాంటివాణ్ణి, మనవరాలు తోలే బండి లీటరుకి నాలుగు కిలోమీటర్లంటే నాకు ముద్ద దిగుతుందా? ఇటికెల లారీ నయం కదమ్మా! నిన్న మీరు క్లాసులకి పోగానే చూద్దామని కూర్చున్నాను. ఊరికే చూద్దామనే. పక్కనే పెట్టెలో చిన్న బెజ్జం జెట్లు బంగారంలా మెరుస్తున్నాయి. ఇంక నా వల్ల కాలేదు. చలికి ఇంజన్ కూడా ఎక్కువ తినాలని నాకేం తెలుసు? మా తణుకులో చలంటే తెల్లారగట్ల దుప్పటి, అంతే. ట్యాంకులో రెండు కలరా ఉండలు కూడా వేద్దునే, పికప్ బాగుంటుంది. ఈ ఊళ్ళో దొరకలేదు గనక బతికిపోయారు. మరి ఒట్టంటావా వర్షమ్మా, ఒట్టు నేను తప్పలేదు. చేత్తో ముట్టుకోనన్నాను, ముట్టుకోలేదు. మొత్తం ఈ గ్లౌజులతోనే విప్పాను, గ్లౌజులతోనే బిగించాను. మధ్యాన్నం భోజనం మానేసి సాయంత్రం దాకా పట్టింది, నా నడుం విరిగింది. జెట్లు ఎక్కడికీ పోలేదమ్మా మీనా. కస్టమరు పాత సామాను పారేసే అలవాటు మా షాపులో లేదు. ఇదిగో, నా వక్కపొడి డబ్బాలో ఉన్నాయి. కాస్త ఊదుకో, బెజ్జంలో పలుకులుంటాయి. ఒకటి నువ్వు బిగించు, ఒకటి నాకియ్యి. వర్షమ్మా, ఇంక నువ్వే చెప్పాలి, తొందరగా చెప్పు. గ్లౌజులతో అయితే నాకు సాయంత్రమవుద్ది. ఒట్టు తీసి గట్టున పెట్టావంటే అయిదు నిమిషాలు. ఏది కావాలి?"