మెడ దగ్గర అతుకు

ఆ వీధిలో బళ్లు బాగుచేసే మేస్త్రీని అందరూ నిదానం అనే పిలిచేవారు. చేతికిచ్చిన పని ఆలస్యమవుతుందే గానీ చెడదని పేరు. పాత బండి కొనేవాళ్లు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. అందుకే అమ్మేవాళ్లకు ఆయన పొడ గిట్టేది కాదు.

ఒక ఆదివారం మేనకోడలు వచ్చి ఆయన్ని లేవదీసింది. మందుల షాపులో పనిచేసే ఆ పిల్లకు ట్రయల్స్ బండి పిచ్చి. ఆ బండికి సీటుండదు, నిలబడే నడపాలి. వేగంతో పని లేదు. బండరాళ్ల మీదికి, దుంగల మీదికి ఎక్కించి దించాలి. కాలు నేలకు తగిలిందా, మార్కులు పోయినట్టే. రెండేళ్లు అడిగి తెచ్చుకున్న బండి మీద నేర్చుకుని, ఇప్పుడు సొంతానికి ఒకటి చూసుకుంది.

"మూడేళ్లుగా షెడ్డులోనే ఉందట మామయ్యా. నడిపినాయన పడిపోతే నడుం కింద చచ్చుబడిపోయింది. గుర్తుందా, అప్పట్లో అందరూ చెప్పుకున్నారు?"

గుర్తుంది. పంతానికి పోయి ఎక్కరాని రాయి ఎక్కాడన్నారు. నిదానమూ నలుగురితో పాటు తలాడించాడు.

ఆ ఇంటి పెరట్లో రేకుల షెడ్డు. షెడ్డుకు ఎదురుగా కిటికీ, కిటికీ పక్కన మంచం, మంచం మీద దిండ్లకు ఆనుకుని ఆ రైడరు. ముఖం పాలిపోయినా నోరు మాత్రం చురుగ్గానే ఉంది.

"రండి మేస్త్రీ! గుర్రానికి పళ్లు చూస్తారు, దీనికి కడుపు చూడండి. అడుగు రేకు మీద ఎన్ని సొట్టలుంటే నేనంత వెధవనని లెక్క."

ఆయన భార్య షెడ్డు తలుపు తీసి పక్కన నిలబడింది. "ఆ వెధవతనమే మన కొంప ముంచింది" అంది. అలవాటైపోయిన మాటలా అంది.

నిదానం మొదట ఇంజను మీద అరచెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ముందే వేడిచేసి పెట్టిన ఇంజను ఎవరికైనా తేలిగ్గానే అందుకుంటుంది, దాన్ని నమ్మకూడదు. బండిని పక్కకు వంచి అడుగు రేకు చూశాడు. సొట్టలున్నాయి గానీ చీలలేదు. చక్రాల పుల్లల్ని స్పానరుతో ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు. వదులైన పుల్ల మొద్దుగా మోగుతుంది. రెండే దొరికాయి. వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. కొద్దిగా వదులుగా ఆడింది. కొత్త పెట్రోలు పోసి కిక్కు కొడితే నాలుగోసారికి అందుకుంది. క్లచ్చు పట్టి గేరు వేస్తే ముందుకు గుంజలేదు.

"బంగారంలా ఉంది మామయ్యా!" అంది మేనకోడలు.

"తొందరపడకు. ఇంకా మెడ చూడాలి."

ఇంజను ఆపి, ముందు బ్రేకు బిగబట్టి, హ్యాండిలు మీద బరువంతా వేసి ముందుకు తోశాడు. 'టిక్' మంది. మళ్లీ తోశాడు. మళ్లీ టిక్. బేరింగుల చప్పుడు అలా ఉండదు. ట్యాంకు విప్పి టార్చి వేశాడు. హ్యాండిలు దూరే గొట్టం ఫ్రేముతో కలిసేచోట కొత్త రంగు దట్టంగా ఉంది.

"రంగు ఎవరు వేశారమ్మా?"

"మా మరిది, మొన్ననే. అమ్మేముందు శుభ్రంగా ఉంటుందని."

ఉప్పుకాగితంతో రుద్దాడు. రంగు పోయి కింద వెల్డింగు అతుకు బయటపడింది. దాని అంచునే వెంట్రుకంత పగులు. అయితే ఆయన కళ్లు పగులు మీద లేవు, అతుకు మీదే నిలిచిపోయాయి.

ఆయనది ఎడమచేతి వాటం. ఆయన వేసిన అతుకులో అలలు అందరివాటికీ ఎదురుగా వాలుతాయి. చివర చిన్న కొక్కెంలా వెనక్కి తిప్పి ఆపడం ఆయన అలవాటు. ఎవరి దస్తూరీ వాళ్లకు తెలియకపోదు.

మూడేళ్ల కిందట ఆయన బస్టాండు వెనక షెడ్డులో పనిచేసేవాడు. ఎవరో కుర్రాడు ఊరూ పేరూ చెప్పకుండా విడి ఫ్రేము తెచ్చిచ్చాడు. పగులును వేరుదాకా గ్రైండరుతో తెరిచి, లోపలినుంచి నింపుకుంటూ రావాలి. ఆయన తెరవలేదు. పైపైన అతుకు లాగించి, చూడముచ్చటగా నున్న చేసి ఇచ్చేశాడు.

టార్చి ఆర్పి లేచాడు. "వద్దులే. పోదాం పద."

"ఏం దొరికింది మేస్త్రీ?" కిటికీలోంచి రైడరు అడిగాడు.

"బేరింగులు పోయాయి."

"అంతేనా? మార్పించుకుంటే సరి కదా!" అంది మేనకోడలు.

"మీకు వద్దంటే మొహమాటం లేదు" అంది భార్య. "రేపు ఇంకొకాయన వస్తానన్నాడు. చూడకుండానే తీసుకుపోతాడట, వాళ్లబ్బాయికి."

నిదానం గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. తిరిగొచ్చి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"బేరింగులు కాదు బాబూ. మెడ దగ్గర పగిలింది. మీరు పడకముందే పగిలింది. పైన అతుకేశారు గానీ లోపల అలాగే ఉంది. ముందు చక్రం రాతి అంచుకు తగిలేసరికి విచ్చుకుని ఉంటుంది."

రైడరు మెల్లగా అన్నాడు. "హ్యాండిలు నా చేతుల్లో తనంతట తనే తిరిగింది. అదే చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. చివరికి నేనూ నమ్మడం మానేశాను. మూడేళ్లుగా రోజూ ఆ రాయి ఎక్కుతున్నాను మేస్త్రీ, ఈ మంచం మీదే. బరువు ఎక్కడ తప్పేశానా అని." భార్యకేసి చూశాడు. ఆవిడ తలుపును పట్టుకుని అలాగే ఉంది. "అతుకు మా తమ్ముడు వేయించుకొచ్చాడు. వేసినవాడెవడో గానీ..."

"నేనే."

మేనకోడలు "మామయ్యా!" అంది.

"పగులు వేరుదాకా తెరిచావా?" రైడరు గొంతులో మన్నన పోయింది.

"లేదు."

"తెలియకనా?"

"తెలుసు. ఆ పూట వేరే పని ఉంది. గేట్లు మధ్యాహ్నానికల్లా బిగించాలి."

"గేట్లు" అన్నాడు రైడరు. "ఎవరింటి గేట్లు?"

నిదానం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "గుర్తులేదు."

భార్య గబగబా లోపలికి వెళ్లి మంచం పక్కన కూలబడింది. "రోజూ అన్నాను కదండీ. అన్నం పెడుతూ కూడా అన్నాను కదండీ" అంటూ మొగుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

"దాన్ని కోసెయ్" అన్నాడు కిటికీ బయటికి చూస్తూ. "ఇంకో పిల్లాడు ఎక్కడానికి వీల్లేకుండా కోసెయ్. నా ఎదురుగా."

నిదానం బండిని కిటికీ ముందుకు తెచ్చి, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు విప్పాడు. రంపంతో మెడ కోశాడు. గంట పట్టింది. సగంలో బ్లేడు విరిగితే మేనకోడలు ఆయన పనిముట్ల సంచిలోంచి ఇంకొకటి తీసి ఇచ్చింది. ఆయన ముఖంలోకి మాత్రం చూడలేదు. తెగిన ముక్కను రైడరు ఒళ్లో పెట్టుకుని, గోటిని లోపలివైపు పగుల్లో దూర్చి చూశాడు. గోరు సగం దాకా దిగింది.

"జరిగింది రాసి మా ట్రయల్స్ క్లబ్బులో ఇవ్వు. నా పేరు మీద పడ్డ మాట పోవాలి. మళ్లీ మాత్రం ఇటు రావద్దు. పళ్లు తెచ్చి, పరామర్శలు చేసి నీ బరువు దించుకుందామనుకోకు."

మర్నాడే నిదానం రాసిచ్చాడు. క్లబ్బువాళ్లు దాన్ని గోడకు అంటించారు. నెల తిరిగేసరికి ఆయన షెడ్డుకు వచ్చే బళ్లు సగానికి పడిపోయాయి. మిగిలినవాళ్లు పని అప్పజెప్పి వెళ్లిపోకుండా, అయ్యేదాకా పక్కనే నిలబడి చూసేవారు. ఆయన నిలబడనిచ్చేవాడు.

ఆ ఇంటివైపు ఆయన వెళ్లలేదు. ఒకసారి మందుల షాపు దగ్గర రైడరు భార్య ఎదురైతే, ఆవిడే తల తిప్పుకుని రోడ్డు దాటిపోయింది.

వానలు మొదలయ్యాక అక్కగారు ఫోన్ చేసింది. "నీ మేనకోడలు బండి కొనుక్కుందిరా. చెప్పలేదా నీకు?"

"లేదక్కా. ఎవరు చూసిపెట్టారు?"

"ఎవరో వేరే మేస్త్రీనట. మామయ్యను పిలవవే అంటే లేచి వెళ్లిపోయింది. మీ ఇద్దరికీ ఏమైందిరా?"

ఆయన బల్లమీద కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.