చన్నీళ్లు ముందు

మా బాయిలరు రోజూ కొంచెం కొంచెంగా ఇంటికి దూరం జరుగుతోంది. మొదట్లో పెరట్లోనే ఉండేది. దసరాకి పెరటి గోడ దాటింది. ఇవాళ పొద్దున చూస్తే కాఫీ గింజలు ఆరబోసే కళ్లం కూడా దాటి, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

తెలియనివాళ్లు దాన్ని ఇటుకల గది అనుకుంటారు. లోపల కట్టెలు మండుతాయి, పైన రాగి కాగులో నీళ్లు మరుగుతాయి, ఆ నీళ్లు పైపుల్లో పడి మా ఇంటి గచ్చు కింద తిరిగి గదుల్ని వెచ్చబెడతాయి. స్నానానికి మాత్రం కాగులోంచే చెంబుతో తోడుకుంటాను. చింతపల్లి కొండల మీద ఇలాంటి ఏర్పాటున్న ఇల్లు ఇదొక్కటే. ఎస్టేటు వాళ్లు మా ఆయనకిచ్చిన క్వార్టరు. బాయిలరు జరిగినకొద్దీ పైపులు కూడా దాని వెనకే సాగుతున్నాయి. ఎక్కడా తెగలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు గానీ, మా ఆయన పేరు గవర్రాజు. ముప్పై ఒక్క ఏళ్లు ఎస్టేటులో కాఫీ బస్తాలు తూచారు. మూడు వారాలుగా ఆయన పాదాల నుంచి చల్లబడుతున్నారు. చలి వేయడం కాదు, చల్లబడటం. రోజూ పొద్దున నేను చేత్తో తడిమి, వేడి ఎక్కడ మొదలవుతుందో అక్కడ పసుపుతో గీత గీస్తాను. ఇవాళ్టి గీత మోకాలికి నాలుగు వేళ్లు కింద ఉంది.

ఎస్టేటు ఆసుపత్రి నర్సమ్మ వచ్చి గీతలన్నీ చూస్తుంది. గీత గుండె దాటకముందే ఇంటికి కొత్త వేడి పెట్టించుకోమంటుంది. దాటాక పెట్టిస్తే ఇల్లు వెచ్చబడుతుందట గానీ మనిషి వెచ్చబడడట.

నాకు భయంగా ఉంది. భయపడుతూనే కట్టెలు మోస్తాను. నేను మోపు ఎత్తుకుని వెళ్లేసరికి బాయిలరు మరో పది గజాలు జరిగి ఉంటుంది. దాన్ని నోటికొచ్చినట్టు తిడతాను. అది ఇనప తలుపు మూసుకుని వింటుంది.

“దాన్నేటనకు రత్నం,” అంటారు మా ఆయన మంచం మీద నుంచి. “ఎన్నేళ్లని ఒక్క కాడే నిలబడతాది.”

“మీరు నిలబడలేదా కాటా దగ్గర?”

“అందుకే సెప్తన్నాను.”

మంగళవారం పైడంనాయుడు వస్తాడు. నర్సీపట్నంలో హీటర్లు అమ్మే మనిషి. కొట్టుని నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకొచ్చి, మా ముందుగదిలో దులిపి పరుస్తాడు. గది పన్నెండు అడుగులది, కొట్టు నలభై అడుగులది. గది కాస్త ఇబ్బందిపడి, గోడల్ని వెనక్కి జరుపుకుని చోటిస్తుంది. వచ్చినవాళ్లకి సర్దుకుపోయే గది, మొదటి నుంచీ అంతే.

“ఇది కరెంటుదమ్మా,” అంటాడు పైడంనాయుడు. “కరెంటున్నంత సేపూ ఎచ్చగుంటాది. కరెంటు పోతే, ఇచ్చిన ఎచ్చదనం ఎనక్కి పట్టుకుపోతాది.”

“మా కొండ మీద మధ్యాహ్నానికే పోతుంది.”

“అయితే ఒద్దు. మనిషి ఇంకా సల్లబడిపోతాడు.”

సోలారు పలక కిటికీలోంచి మా ఇంటి కప్పుకేసి చూసి, తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది. మాకు ఎండ పదకొండింటికి వచ్చి రెండింటికి వెళ్లిపోతుంది. ఆ కాస్త ఎండనీ మాఘమాసం దాకా పొగమంచు ముందే మాట్లాడుకుంది. గ్యాసుది బాగా మండుతుంది గానీ, మండటానికి ఇంట్లో ఏదో ఒక గొంతు తింటుంది. పరీక్షకని వెలిగించగానే మా రేడియో మూగబోతుంది. ఆ తర్వాత గడియారం. మూడోసారి అది మా ఆయన దగ్గు వైపు తిరుగుతుంది. నేను గబగబా ఆర్పించేస్తాను.

చివర్లో, గోడకి ఆనుకుని, తెల్లగా పొట్టిగా ఒకటి ఉంది. పొగ లేదు, చప్పుడు లేదు, ఏమీ తినదు. పాత పైపులకే తగిలించుకోవచ్చు. పైడంనాయుడు దాని మీద చెయ్యి వేసి ఊరుకుంటాడు. మంచి సరుకు దగ్గర అమ్మేవాళ్లు ఎక్కువ మాట్లాడరు. మా ఆయన తల ఎత్తి చూస్తారు. ఎన్నాళ్లకో ఆయన మొహంలో కొంచెం రంగు కనిపిస్తుంది. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపిస్తుంది, సంతోషంతోనే.

“కుళాయి తిప్పు,” అంటాను.

తిప్పుతాడు. ముందు చన్నీళ్లు వస్తాయి. చాలాసేపు చన్నీళ్లే. ఆ తర్వాత వేడినీళ్లు.

మా ఇంట్లో బకెట్లో ముందు వేడినీళ్లు పోస్తాం. తర్వాతే చన్నీళ్లు కలుపుతాం. చన్నీళ్లు ముందు పోసి, వాటిలో వేడినీళ్లు కలిపేది ఒక్క స్నానానికే. ఆ స్నానం చేయించుకున్న మనిషి లేచి తల తుడుచుకోడు. మా అమ్మ నాకు అక్షరాలకంటే ముందు ఈ వరుస నేర్పింది.

“ఇది వద్దు.”

“ఏటమ్మా, ఏటొచ్చింది?”

“చన్నీళ్లు ముందొస్తున్నాయి. మా ఇంట్లో బతికున్న మనిషి ఉన్నాడు.”

పైడంనాయుడు నొచ్చుకోడు. కొట్టులో ఉన్న కుళాయిలన్నీ వరసగా తిప్పి చూపిస్తాడు. అన్నింట్లోనూ చన్నీళ్లే ముందు. “కొత్తయ్యన్నీ ఇంతేనమ్మా. పైపులో నిలవున్న నీరు ముందొస్తాది. యేడి దాని ఎనకాల నడిసొస్తాది. దానికీ కాళ్లే కదా.”

నేను ఒప్పుకోను. అతను కొట్టు మడతపెట్టుకుని వెళ్లిపోతాడు.

“నాకే వరసయినా ఒకటే రత్నం,” అంటారు మా ఆయన.

“నాకు కాదు.”

ఆ పూటంతా ఆయనతో మాట్లాడను. మాట్లాడాల్సింది.

బుధవారం గీత తొడ మీదికి వస్తుంది. గురువారం నడుము. బాయిలరు కొండవాలు దిగి కనుమరుగైపోయింది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని పైపు వెంట పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నడుస్తాను. పైపు ఇంకో కొండెక్కి, అవతలికి దిగుతోంది. మోపు దించకుండానే వెనక్కి వచ్చేస్తాను.

శుక్రవారం గీత బొడ్డు దాటుతుంది. నేను కొండ దిగి నర్సీపట్నం పరిగెత్తుతాను. పైడంనాయుడు కొట్టు ఉతికి దండెం మీద ఆరేశాడు. తడికి హీటర్లన్నీ ముడుచుకుపోయాయి, తెల్లది తప్ప.

“వరుస మార్చే దారి లేదా నాయుడూ?”

“వరస మీదేనమ్మా. మాది మిషనొక్కటే.”

“అయితే అదే పెట్టు.”

“పెడతాను. ఒక్క మాట ఇనుకోండి. పాత పైపులు కదా, అయ్యెక్కడ ఆగితే అక్కడే దీన్ని తగిలించాల. కుళాయి తిప్పినాక మళ్లీ కట్టీకూడదు. కట్టీసినారంటే, ఎవులికీ అక్కర్నేదనుకుని యేడి మొదటికెల్లిపోతాది.”

శనివారం అతను ముందుగదిలో పైపు చివర కుళాయి బిగించి, తెల్లదాన్ని నెత్తికెత్తుకుని పైపు వెంట నడిచి వెళ్లిపోతాడు. సాయంత్రానికి పైపులో మూడు దెబ్బలు వినిపిస్తాయి. తగిలించేశాడన్నమాట.

మా ఆయన్ని కుళాయి కింద పీట మీద కూర్చోబెడతాను. గీత రొమ్ము కింద ఉంది, ఇంకా గుండె దాటలేదు. కుళాయి తిప్పుతాను. చన్నీళ్లు వస్తాయి. నా చేత్తో, తెలిసి తెలిసి, ఆ వరుసలో ఆయన భుజాల మీద పోస్తున్నాను. మా అమ్మ చూస్తే ఏమంటుందో అనుకుంటూ పోస్తున్నాను. ఆయన వణకరు. వణకడానికి కూడా కాస్త వేడి కావాలట.

“వస్తందా?” అంటారు.

పైపుకి చెవి ఆనిస్తాను. ఎక్కడో చాలా దూరంలో అడుగుల చప్పుడు. కొంచెం నడిచి, ఆగి, దగ్గి, మళ్లీ నడుస్తోంది.

“బయల్దేరింది,” అంటాను.

ఆదివారం కూడా చన్నీళ్లే. కుళాయి కట్టలేను. ఆయన్ని పక్కకి జరుపుదామంటే, వేడి వచ్చిన క్షణానికి ఆయన దాని కింద లేకపోతే ఎలా. మొదటిరోజే నేను ఊ అని ఉంటే పైపు ఇంత పొడుగయ్యేది కాదు. కళ్లం దాటి నాలుగు అడుగులు నడిస్తే ఇంట్లోనే ఉండేది వేడి. ఆయన్ని నేనే ఇలా చేశాను. ఈ మాట చెప్పుకోవడానికి ఆయన తప్ప నాకెవరూ లేరు, ఆయనకి చెప్పలేను.

సోమవారం గీత గుండె మీద. మంగళవారం గొంతు దగ్గర.

“రత్నం,” అంటారు మా ఆయన. “నువ్వు తడిసిపోనావు. లోపలికెల్లి పొడిచీర కట్టుకో. కుళాయి నే సూస్తాను.”

నేను వెళ్లి కట్టుకొస్తాను. వచ్చేసరికి ఆయన కుళాయి వంకే చూస్తున్నారు. అలాగే చూస్తూ ఉన్నారు. రెప్ప మాత్రం వేయరు.

బుధవారం పసుపు గీత గీయడానికి ఆయన మీద చోటు దొరకదు. వెనక గోడ మీద, ఆయన తలకి రెండు వేళ్లు పైన గీస్తాను.

గురువారం మధ్యాహ్నం కుళాయిలో నీళ్లు ఆగిపోతాయి. లోపలి నుంచి ఎవరో తడతారు. ముందు ఒక చెయ్యి బయటికి వస్తుంది, తర్వాత భుజం, తర్వాత మిగతా ఒళ్లంతా. వేడి వచ్చింది. నా నడుము ఎత్తు కూడా లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. గచ్చు మీద నిలబడి మా ఆయన వంక చూసి, చలిమంట దగ్గరికి వచ్చినవాళ్లలా రెండు చేతులూ ఆయన వైపు చాస్తుంది.

“శానా దూరం నడిసొచ్చినానమ్మా,” అంటుంది. “కాసింత ఎచ్చగా ఏటన్నా ఉందేటి?”

లేదని చెప్తాను. అది తల ఊపి ఆయన పక్కన కూర్చుంటుంది. ఇద్దరికీ కలిపి రగ్గు కప్పుతాను. దాని వెనక ఇంకొకటి దిగుతుంది, ఆ వెనక మరొకటి, అన్నీ అంతే ఎత్తు. ముందుగది గోడలు వెనక్కి జరిగి వాటికి చోటిస్తాయి. అన్నీ మా ఆయన చుట్టూ చేరి, ఆయన వైపు చేతులు చాచుకుని, ఓపిగ్గా కూర్చుంటాయి.

కాసేపటికి మొదట వచ్చినది లేచి ఆయన వెనక్కి వెళ్తుంది. ఆయన జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నెమ్మదిగా కెలుకుతుంది. వేళ్ల సందుల్లోంచి మెత్తటి బూడిద రాలుతుంది. అడుగున ఎక్కడైనా నిప్పుకణిక మిగిలిందేమోనని అది వెతుకుతోంది. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వంగి, ఊదుతాను.