మూడు రోజుల నీళ్ళు

“నా మొక్కల జోలికి మాత్రం రాకు. అవి మన ఊరి మొక్కలు కావు, నీకు తెలీదు,” అన్నాడు రామబ్రహ్మం, భార్య చేతిలో చెంబు చూసి. అంట్లు తోమి చేతులు కడుక్కుందామని తెచ్చుకున్న చెంబు అది. కనకరత్నం చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

ఆయన బాపట్లలో వ్యవసాయ పాఠాలు చెప్పే లెక్చరరు. అరవై ఎనిమిదిలో ఆరు నెలలు ఆస్ట్రేలియా వెళ్ళి, వస్తూ వస్తూ అమ్మకి శాలువా, తనకి గడియారం, ఇన్ని విత్తనాల పొట్లాలూ తెచ్చుకున్నాడు. భార్యకి ఏం తెచ్చాడని ఎవరూ అడగలేదు గనక చెప్పాల్సిన ఇబ్బందీ రాలేదు. బాపట్ల ఇసక నేలలో రాయన్నది లేదు. రాళ్ళు లారీలో తెప్పించి పెరటి వసారా ముందు గుట్టగా పేర్పించి, దానికి రాక్ గార్డెన్ అని పేరు పెట్టి, విత్తనాలు చల్లాడు. సగం పొట్లాలు తెనాలి, రేపల్లెల్లో ఉన్న తెలిసినవాళ్ళకి పంచాడు. ఆ తర్వాత గుట్ట సంగతే మరిచిపోయాడు.

ఆ వసారాలోనే కనకరత్నం నెలకి మూడు రోజులు దూరంగా కూర్చునేది. అత్తగారు వెంకటసుబ్బులు పట్టింపుల మనిషి. చేదబావి ముట్టకూడదు, ఊరగాయ జాడీ ముట్టకూడదు, ఆమె నీడ పడితే మల్లెపొద మాడిపోతుంది. పెరట్లో బోరింగు మాత్రం ఇనపది గనక దానికి అంటు లేదని ఆవిడే తీర్పు చెప్పింది. మిగతా రోజుల్లో పొయ్యి రాజేసింది మొదలు నడుం వాల్చేదాకా, తనకంటూ ఒక ఒళ్ళుందన్న ధ్యాస కూడా కనకరత్నానికి ఉండేది కాదు. ఆ మూడు రోజులే ఎవరూ పిలవరు. మొదటి నెల తలలు వాల్చిన మొలకల్ని చూసి జాలేసింది. ముట్టుకుంటే చస్తాయేమోనని భయమూ వేసింది. ఎలాగూ చచ్చేవేగా అనుకుని, బోరింగు కొట్టి ఒక బిందెడు పోసింది. చావలేదు. ఇక నెలనెలా ఆ మూడు రోజులూ తడపడం, కలుపు తియ్యడం, మిగతా రోజుల్లో అటు తొంగిచూడ్డానికి కూడా తీరిక లేకపోవడం. ఒకరు చెప్పకుండా తనంతట తాను చేసిన పని ఆ ఇంట్లో అదొక్కటే. ఆ రోజుల కోసం తను ఎదురుచూస్తోందని తెలిసి ఒకసారి తనకే నవ్వొచ్చింది.

డెబ్బై రెండు ఫాల్గుణంలో గుట్ట విరగబూసింది. తుమ్మపూలలాంటి పసుప్పచ్చ బుడిపెలు, సీసాలు కడిగే బ్రష్షుల్లా ఎర్రటి గుత్తులు. జనం వచ్చి చూసి పోతున్నారు. రామబ్రహ్మం ఒక పత్రికకి వ్యాసం మొదలుపెట్టి, ‘ప్రతి ఉదయం స్వయంగా నీరు పోసి’ అన్న వాక్యం పైకి చదివి వినిపించాడు. వెంకటసుబ్బులు రోజూ ఆ పూలే దేవుడి పటాలకి పెడుతోంది.

“శుచిగా పెంచాం కనక ఇలా పూశాయి. నలుగురూ వచ్చే చోటు. ఈసారి నుంచి నువ్వు గొడ్లసావిట్లో కూచో, కనకం,” అంది.

కనకరత్నానికి భయం వేసింది. సావిడంటే భయం కాదు. ముట్టుకున్నానని చెబితే మొక్కలు పీకేస్తారు. చెప్పకపోతే ఎండిపోతాయి. ఎలా చూసినా తన మూడు రోజులూ పోతాయి.

ఆ ఆదివారం తెనాలి నుంచి మాణిక్యాంబ వచ్చింది. అక్కడ ఆడపిల్లలకి బోటనీ చెబుతుంది. రామబ్రహ్మం విత్తనాలిచ్చిన వాళ్ళలో ఆవిడొకరు.

“రోజూ నీళ్ళు పోశాను, ఎరువేశాను. వేళ్ళు కుళ్ళి చచ్చాయండి. రేపల్లె వాళ్ళవీ అంతేనట. మీరేం చేశారు?”

“మేమూ అంతేనండి. రోజూ పొద్దున్నే నేనే...”

“రోజూ పోస్తే బతకవండి ఇవి. ఎవరో ఎప్పుడో ఓసారి తడిపి వదిలేస్తున్నారు.” మాణిక్యాంబ కాఫీ తెచ్చిన కనకరత్నం వైపు తిరిగింది. “నువ్వేనా అమ్మా? ఎన్నాళ్ళకోసారి పోస్తావు?”

కనకరత్నం గ్లాసు అందించింది.

“నెలకి మూడు రోజులేనండి. నేను బయట చేరినప్పుడు.”

“ఏంటే?” గుమ్మంలో నుంచున్న వెంకటసుబ్బులు ముందుకొచ్చింది. “దేవుడికి పెట్టిన పూలే అవీ...”

“అవునత్తయ్యా. నాలుగేళ్ళుగా అన్నీ నేను ముట్టుకున్నవే. సావిట్లో కూచోను.”

కనకరత్నం రామబ్రహ్మం ముందు కూడా కాఫీ గ్లాసు పెట్టింది.

“ఏవండీ, ‘ప్రతి ఉదయం’ అన్న ముక్క కొట్టేసి ‘నెలకి మూడు రోజులు’ అని రాయండి. లేకపోతే మీ మాట నమ్మి ఇంకెవరో రోజూ నీళ్ళు పోసి చంపేస్తారు.”