కోయని నిమ్మకాయ

వీధిలో అందరూ అతన్ని కోళ్ళాయన అంటారు. కోళ్ళు కోసి కోసి అతని ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఈకలు పీకే వేడినీళ్ళ ఆవిరి, పేగుల బుట్ట, ఏదీ తెలియదు. పచ్చి మాంసం సంగతి వేళ్ళే చెబుతాయి. జిగురు తగిలితే పారేస్తాడు. ఉడికినదాని సంగతి మాత్రం భార్య చెప్పాలి. పాలైనా, మిగిలిన కూరైనా ఆమె ముఖం దగ్గర పెడతాడు. ఆమె వాసన చూసి తల ఊపితేనే ఆ ఇంట్లో ముద్ద నోట్లోకి వెళ్ళేది.

“నీ ముక్కు ముఖానికి అందం కోసమే,” అనేది ఆమె. “ఆ అందమూ అంతంత మాత్రమే.”

ఇప్పుడు ఆమె మంచం పట్టింది. రొమ్ములో గడ్డకు మందు ఎక్కిస్తున్నారు. జుట్టు పోయింది. నోరు చచ్చింది. ఏం పెట్టినా మన్ను తిన్నట్టుందంటుంది. డాక్టరమ్మ అతన్ని పక్కకు పిలిచింది.

“తినకపోతే తర్వాతి మందు ఎక్కించలేం. చల్లగా, మెత్తగా ఏదైనా పెట్టండి. కానీ జాగ్రత్త. పాడైంది ఒక్క ముద్ద లోపల పడినా తట్టుకోలేదు.”

ఇంటికొచ్చి ఏం తింటావని అడిగాడు.

“ముందొకసారి చేశావే, చల్లటి కోడి, దోసకాయ. అది తింటానేమో.”

మర్నాడు పొద్దున్నే లేత కోడిని ఎంచి, వెల్లుల్లి, మిరియాలు వేసి ఉడికించాడు. చల్లారాక ఫ్రిజ్‌లో పెడదామని మూతపెట్టి, ఇప్పుడే వస్తానని తన కోళ్ళ కొట్టుకు వెళ్ళాడు. కొట్టు దగ్గర జనం విరగబడ్డారు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గిన్నె ఎక్కడిదక్కడే ఉంది, ఎండ వేడికి గోరువెచ్చగా.

మాంసం పీచులుగా తీశాడు. జిగురు లేదు. అయినా మనసు ఒప్పలేదు. ఒక ముక్క తీసుకెళ్ళి ఆమె ముఖం దగ్గర పెట్టాడు. ఆమె కళ్ళు తెరవకుండానే వాసన చూసి తల ఊపింది.

“బాగానే ఉంది.”

అతని గుండె కుదుటపడింది. దోసకాయ, ఉల్లిపాయ సన్నగా తరిగాడు. కొత్తిమీర తుంచాడు. వేయించిన వేరుశెనగ గింజలు కచ్చాపచ్చాగా దంచి కలిపాడు. కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి పళ్ళెంలో పెట్టి ఆమెకిచ్చాడు. నిమ్మరసం ముందే పిండితే దోసకాయ నీరు వదులుతుందని దాన్ని ఆఖరుకు అట్టేపెట్టాడు. దానికోసం వంటింట్లోకి వెళ్ళాడు.

వెనక చెంచా చప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళకు ఆమె బతిమాలించుకోకుండా తింటోంది.

“ఏమయ్యా! రుచి తెలుస్తోందయ్యా!”

“నిజంగా?”

“పులుపు ఎంత బాగా పట్టిందో! కోళ్ళ పాపం నాకు వండిపెట్టి కడిగేసుకుంటున్నావు.”

నవ్వాడు. కత్తి నిమ్మకాయ మీద పెట్టి ఆగిపోయాడు.

కాయ చేతిలో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పళ్ళెం సగం ఖాళీ. ఆమె కాయను చూసింది, అతన్ని చూసింది. చెంచా ఆగింది.

“నువ్వు వాసన చూశావు కదే!”

“చూశాను.” చెంచా పళ్ళెంలో పెట్టింది. “నాకు వాసన తెలిసి ఎన్నాళ్ళయిందయ్యా? నువ్వు పెట్టావు. నేను ఊపాను.”

గోడ అవతల కుట్టుపని చేసుకునే ఆవిణ్ణి కేకేశాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి ముక్కు మూసుకుంది.

“ఏంటన్నయ్యా ఈ కంపు? వదినకి ఇదా పెట్టావు?”

జవాబు కోసం చూడకుండా బండి పిలవడానికి పరుగెత్తింది.

అతను పళ్ళెం పట్టుకున్నాడు. ఆమె అంచు వదల్లేదు.

“ఇంకొక్క ముద్ద. ఎలాగూ తిన్నాను కదా.”

కోడి మెడ పట్టే చెయ్యి అది. లాగేసుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో, పిలుపు కోసం చూస్తూ, ఆమె నుదుటి మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి ఆమె పెదాలు నాక్కుంది.

పొద్దు గుంకే వేళకు వేళ్ళు చెప్పాయి, నుదురు కాలుతోందని.